జంకు

డిగ్రీ పట్టా పెళ్ళిభోజనంలో లడ్డూ కాదని, విస్తరి ముందు కూర్చున్న ప్రతివాడికీ వడ్డించరని ఇందుమతి మేడమ్ మొదటి ఏడాది మొదటి క్లాసులోనే చెప్పింది. అప్పుడందరూ నవ్వారు. సైకాలజీ అంటే ఎదుటివాడి మనసులో ఏముందో టక్కున చెప్పేసే విద్య అనుకుని చేరినవాళ్ళు మరి. వాళ్ళకి ముందుగా ఎదురైంది స్టాటిస్టిక్స్. దాని వెనక రికార్డులు, ఆ వెనక ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్, దాని నెత్తిన ప్రాజెక్టు. మూడో ఏడాది చివరికి వచ్చేసరికి క్లాసులో సగం బెంచీలు ఖాళీ.

గౌరీశ్వరి మాత్రం ఒక్కొక్కటే గట్టెక్కుతూ వచ్చింది. ఇక మిగిలింది ఆఖరి ప్రాక్టికల్ ఒక్కటే. అది పాసైతే భీమిలి దగ్గర ఒక బళ్ళో పిల్లల కౌన్సిలర్‌గా తీసుకుంటామని మాట ఇచ్చారు. ఆ మాట పట్టుకుని గౌరి అప్పుడే రెండు కాటన్ చీరలు కొనేసుకుంది కూడా.

ఆ ప్రాక్టికల్ భావవాహిని అనే యంత్రం వచ్చాక పెట్టినది. ఒక మనిషిలో ఉన్న భయాన్ని తీసి ఇంకొకరిలోకి పంపుతుంది ఆ యంత్రం. పిల్లలు దానికి దిష్టి మిషన్ అని పేరు పెట్టుకున్నారు. భయం గురించి పుస్తకంలో చదివితే చాలదు, ఎదుటి మనిషి భయాన్ని కాసేపైనా మోసినవాళ్ళకే పట్టా ఇవ్వాలని పెద్దలంతా కూర్చుని తీర్మానించారు. భయాన్ని తీసుకోవాలి. మోస్తూ ఉండగానే అది ఎలా ఉందో వైవాలో చెప్పాలి. చెప్పాక ఎవరిది వాళ్ళకి తిరిగి ఇచ్చేయాలి. ఈ ఇచ్చేయడాన్ని రిటర్న్ అనేవారు. ఏది తప్పినా సప్లిమెంటరీకి పోవడమే. స్నేహితుల్ని తెచ్చుకుంటే నటించేస్తున్నారని, భయం ఇచ్చే సబ్జెక్టుగా ఇంట్లో మనిషినే తీసుకురావాలని నిబంధన పెట్టారు.

భయాన్ని కొలవడానికి మిషన్ మీద తెలుగులో ఐదు మెట్లు రాశారు. జంకు, బెరుకు, భయం, దడ, హడలు. డిగ్రీ పిల్లలకి అనుమతి ఉన్నది అడుగు మెట్టుకే. జంకంటే అన్నింటిలోకీ చిన్న భయమని, దాన్ని కాసేపు తీసినా పెట్టినా ఎవరికీ ఏమీ కాదని ఆ మెట్లు రాసినవాళ్ళ నమ్మకం. వాళ్ళలో ఒక్కరైనా కరెంటు స్తంభం ఎక్కినవాళ్ళు ఉండి ఉంటే ఈ కథ లేదు.

గౌరి మొదట తల్లినే అడిగింది. పైడమ్మకి దేనికీ భయం లేదు. పెరట్లోకి పాము వస్తే చీపురు పట్టుకుని, దారి తప్పిన కోడిపెట్టని తోలినట్టు తోలేస్తుంది. ముందస్తు పరీక్షకి తీసుకెళ్తే మిషన్ ముల్లు కదలనే లేదు. ఆ సాయంత్రం గౌరి దిగాలుగా అన్నం కలుపుతుంటే తండ్రి సన్యాసిరావు తనని పనికొస్తానేమో చూడమన్నాడు. ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్. నీకు దేనికి భయం నాన్నా అని కూతురు అడిగితే చాలాసేపు ఆలోచించాడు.

"భయమంటే ఏటీ లేదు గానీ గౌరమ్మా, పోలెక్కి తీగ ముట్టుకునీ ముందు మాత్రం చిన్న జంకు. చెయ్యి దానంతటదే ఆగిపోద్ది" అన్నాడు.

గౌరి ఎగిరి గంతేసినంత పని చేసింది. మిషన్ మీదున్న మాటే ఆయన నోట వచ్చింది. ఆ సంబరంలో వెనకున్న రెండో మాట ఆమె చెవికి ఎక్కలేదు. మర్నాడు మిషన్ కూడా ముల్లు అడుగు మెట్టు దగ్గర నిలిపి సరేనంది. ఇందుమతి మేడమ్ సంతకం పెట్టేసింది.

ప్రాక్టికల్ రోజున వాయుగుండం. పొద్దున్నుంచి సముద్రం మీంచి గాలి ఈడ్చి కొడుతోంది. లాబ్ కిటికీలకి అట్టలు కట్టి తండ్రినీ కూతుర్నీ ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టారు. నుదుటికి చల్లటి పేస్టు రాసి పట్టీలు బిగించారు. తీగ ముట్టుకునే ముందు క్షణాన్ని తలుచుకోమని మేడమ్ సన్యాసిరావుకి చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని, అలవాటుకొద్దీ కుడిచెయ్యి కాస్త పైకెత్తాడు. మిషన్ సన్నగా మూలిగింది. అంతే, గౌరి అరచేతిలో ఏదో ముడుచుకుంది. ఎముకకి దగ్గరగా, చల్లగా, ఆగు అన్నట్టుగా ఉంది. గుండె కొట్టుకోవడం ఏమీ పెరగలేదు. ఇంతేనా అనిపించింది ఆమెకి.

కళ్ళు తెరిచిన సన్యాసిరావు చేతులు విదిల్చుకుని, చంకలో సంచి దించేసినట్టు హాయిగా ఉందన్నాడు. గౌరి మొహం కడుక్కుందామని వరండాలోకి వెళ్ళింది. కొళాయి పక్కన గోడకి మూత పగిలిన స్విచ్ బోర్డొకటి ఉంది. లోపలి రాగితీగ బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మూడేళ్ళుగా దాని పక్కనుంచే తిరిగింది, ఏనాడూ పట్టించుకోలేదు. ఇవాళ దాన్ని చూడగానే కాళ్ళు నేలకి అంటుకుపోయాయి. మొహం కడుక్కోకుండానే వెనక్కి వచ్చేసింది. వైవాలో చెప్పడానికి మంచి సంగతి దొరికిందని మురిసిపోయింది కూడా.

వైవా తీసుకోవాల్సిన ఎగ్జామినర్ విశాఖపట్నం నుంచి రావాలి. దారిలో చెట్లు పడి ఆయన కారు ఆగిపోయింది. ఈలోగా సన్యాసిరావు ఫోను మోగింది. ఆసుపత్రికి వెళ్ళే లైను మీద కొబ్బరిచెట్టు పడి తీగ తెగిందట, లోపల ఆపరేషన్లు ఆగిపోయాయట. ఆయన వెంటనే లేచి పట్టీ తీసేశాడు.

ఇందుమతి మేడమ్ అడ్డం వచ్చింది. రిటర్న్ కాకుండా సబ్జెక్టు గది దాటకూడదంది. కావాలంటే ఇప్పుడే రిటర్న్ చేసేద్దాం, అయితే వైవా చెల్లదు, గౌరి సప్లిమెంటరీ రాసుకోవాలి అంది. ఇద్దరూ గౌరి వైపు చూశారు. గౌరికి కాటన్ చీరలు గుర్తొచ్చాయి, బడివాళ్ళిచ్చిన మాట గుర్తొచ్చింది. చిన్న జంకే కదా, గంటలో వచ్చేస్తాడు కదా అనుకుంది. ఆమె నోరు విప్పేలోగానే సన్యాసిరావు చెప్పులేసుకున్నాడు.

"నువ్వు నీ పరీక్ష చూసుకో గౌరమ్మా. నాను ఎల్లొచ్చెత్తాను. ఏటవుద్ది?"

ఆ నవ్వు చూసి గౌరి తల ఊపింది. అలా తల ఊపినందుకు ఆ తర్వాత ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపిందో ఆమెకే తెలియాలి.

ఆయన వెళ్ళిన కాసేపటికి కాలేజీలో కరెంటు పోయింది. వెనక షెడ్డులో జనరేటర్ దడదడమని మొదలైంది. ఆ చప్పుడు చెవిన పడగానే గౌరి అరచెయ్యి కొంకర్లు పోయినట్టు బిగుసుకుపోయింది. ఎందుకో ముందు అర్థం కాలేదు. తర్వాత, చిన్నప్పట్నుంచీ అన్నం దగ్గర వింటూ ఏనాడూ చెవికెక్కించుకోని మాటలు ఒక్కొక్కటీ పైకి వచ్చాయి. లైను చచ్చిందని నమ్మకూడదు. కరెంటు పోగానే ఎవడో ఒకడు మెయిన్ స్విచ్ దించకుండానే జనరేటర్ వేసేస్తాడు, ఆ కరెంటు రిటర్న్ కొట్టి తీగలోకి వచ్చేస్తుంది. అందుకే ముట్టుకునే ముందు తీగ మీదికి, ఉన్న కరెంటుని నేలలోకి దింపేసే ఎర్తు గొలుసు విసరాలి. ఆ గొలుసు విసరమని నాన్నకి చెప్పేది రూలు పుస్తకం కాదు. తీగ దాకా వెళ్ళి ఆగిపోయే ఆ చెయ్యి. ఆ ఆగడం ఇప్పుడు తన అరచేతిలో ఉంది.

ఫోను చేసింది, ఆయన ఎత్తలేదు. మళ్ళీ చేసింది. స్తంభం ఎక్కాక ఆయన ఫోను ఎత్తడు. అప్పుడే ఎగ్జామినర్ తడిసి ముద్దై లోపలికి వచ్చాడు. ఇందుమతి మేడమ్ గౌరి పేరు పిలిచింది. గౌరి ఆమె స్కూటీ తాళం చేతిలోంచి లాక్కున్నంత పని చేసి బయటికి పరుగెత్తింది. వైవాకి లేకపోతే ఫెయిలేనని వెనక నుంచి ఎవరో అంటున్నారు.

ఆసుపత్రికి వెళ్ళే ఆ దారి ఎప్పటి దారే. కానీ ప్రతి స్తంభమూ తనకేసి వంగుతున్నట్టుంది. తెగి వేలాడుతున్న తీగ కనిపించినప్పుడల్లా బండి దానంతటది ఆగిపోయేది, దిగి నడిపించుకుంటూ చుట్టూ తిరిగి వెళ్ళేది. ఏడుస్తోందో వానలో తడుస్తోందో ఆమెకి తెలియలేదు. నాన్న రోజూ ఇది మోస్తూనే పనికి వెళ్ళి, మోస్తూనే ఇంటికొచ్చి, అన్నం తిని పడుకునేవాడా అనుకుంది.

రొయ్యపిల్లల హేచరీ పక్క స్తంభం మీద ఉన్నాడు ఆయన. నడుముకి బెల్టుంది. గొలుసు మాత్రం కింద సంచిలోనే ఉంది. ఈల వేసుకుంటూ తెగిన తీగ కొసని దగ్గరికి లాగడానికి చెయ్యి చాస్తున్నాడు. ఆ చెయ్యి ఎక్కడా ఆగడం లేదు. హేచరీ షెడ్డులోంచి జనరేటర్ చప్పుడు వస్తోంది.

గౌరి గొంతు చించుకుని పిలిచింది. గాలి ఆ పిలుపుని అటే తీసుకుపోయింది. ఇక స్తంభం వైపు వెళ్ళకుండా షెడ్డులోకి పరుగెత్తింది. లోపల మోకాలి కింది వరకూ నీళ్ళు. గోడకి జనరేటర్‌ని ఆపే పెద్ద ఇనప హేండిలు. దాన్ని చూడగానే ఒంట్లో ఉన్న జంకంతా వద్దు అంది. అరచెయ్యి ముడుచుకుపోయింది, మోచెయ్యి సాగనంది. గోడవార చెక్క తెడ్డొకటి కనిపించింది. కళ్ళు మూసుకుని, ఆ తెడ్డు పుచ్చుకుని, తండ్రి భయాన్నంతా తొక్కుకుంటూ వెళ్ళి హేండిలు మీద ఒక్క పోటు పొడిచింది. జనరేటర్ దగ్గి ఆగిపోయింది. నీళ్ళలో గాలి అందక రొయ్యపిల్లలు చచ్చిపోతాయని పనివాళ్ళు తిట్లు లంకించుకున్నారు.

బయటికి వచ్చేసరికి సన్యాసిరావు గుప్పిట నిండా తీగ పట్టుకుని ఉన్నాడు. కూతుర్ని చూసి ఆ చెయ్యే ఊపాడు. గౌరి బురదలో కూలబడిపోయింది.

మర్నాడు మిషన్ దగ్గర కూర్చోబెడితే గౌరి ముల్లు ఆఖరి మెట్టెక్కి నిలబడింది. హడలు. మిషన్ రిటర్న్‌కి ఒప్పుకోలేదు. అంత భయం ఒక్కసారిగా మీద పడితే సబ్జెక్టు గుండె ఆగిపోతుందని దాన్ని అలా తయారుచేశారు. అది మళ్ళీ జంకు దగ్గరికి దిగితేనే తిరిగి ఇవ్వగలరు. దించడానికి మందూ మాకూ లేదని, మోస్తున్న మనిషే ఎలాగో దించుకోవాలని ఇందుమతి మేడమ్ చెప్పింది. చెబుతున్నప్పుడు ఆవిడ గౌరి మొహంలోకి చూడలేదు. జంకుని అడుగున రాయడమే తప్పైపోయిందని తనలో తను అనుకున్నట్టుగా అంది. గౌరి ప్రాక్టికల్ తప్పింది. బడివాళ్ళు సప్లిమెంటరీ దాకా చూస్తామన్నారు.

ఇంట్లో మాత్రం సన్యాసిరావంత సుఖంగా ఎవరూ లేరు. రూలు అడిగితే ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. ముందు గొలుసు, తర్వాత చెయ్యి. అప్పజెబుతూనే తడిచేత్తో ప్లగ్గు పీకేవాడు. రూలు తలలో ఉంది, చెయ్యి ఆగదు. కొన్నాళ్ళు పోలెక్కొద్దని మేడమ్ కరెంటాఫీసుకి వెళ్ళి మొత్తుకుంది. వాయుగుండం పోతూ పోతూ సగం లైన్లు నేలకూల్చి వెళ్ళింది, ఉన్న మనుషులు చాలక వాళ్ళే తల పట్టుకున్నారు. పైగా భయమే లేని లైన్‌మన్ అంటే వాళ్ళకి లోపంగా కనిపించలేదు. ఆయన ఇంట్లో కూర్చుంటే కదా. భయం లేనివాడికి భయం లేదని చెప్పి ఒప్పించడం ఎవరి తరం?

వింతేమిటంటే పైడమ్మ మారిపోయింది. పాముని తోలిన మనిషి, ఇప్పుడు వీధిలో అంబులెన్సు కూత వినిపిస్తే చేతిలో గిన్నె జారవిడుస్తోంది. ఒకరోజు గౌరికి జడ వేస్తూ వేస్తూ ఆగిపోయింది.

"మీ నాన్నకి జంకుందనే నాకిన్నాళ్ళూ ధైర్యమే" అంది. "అది కాస్తా నువ్వట్టుకెళ్ళిపోయేవు."

తిట్టలేదు, ఉన్నమాట చెప్పింది. గౌరికి ఆ మాట అన్నం దగ్గరా నీళ్ళ దగ్గరా అడ్డం పడుతూనే ఉంది.

ఆ మర్నాటి నుంచి గౌరి తండ్రి వెంట పనికి బయల్దేరింది. స్తంభం కింద నిలబడి, ఆయన పైకి వెళ్ళగానే గొలుసు నాన్నా అని అరిచేది. ఆయన నవ్వుతూ విసిరేవాడు. మొదట్లో పైకి చూడలేకపోయేది. అరవలేక, రాయి తీసుకుని స్తంభం మీద కొట్టేది. పోనుపోను కళ్ళు తెరిచి చూడగలిగింది. తీగ ఏ పక్క నుంచి వస్తోంది, ఏ ఇంట్లో జనరేటర్ ఉంది, ఎక్కడ ఇన్వర్టర్ ఉంది అన్నీ గమనించడం మొదలుపెట్టింది. చూసినకొద్దీ హడలు దడైంది, దడ భయమైంది. తగ్గుతోందని తెలిసినా ఆమెకి ప్రాణం కుదుటపడలేదు. నాన్న ఒక్కడే వెళ్ళే రోజంటూ వస్తే? తను ఒక్కసారి అరవడం మరిచిపోతే? నిద్రలో కూడా గొలుసు గొలుసు అని కలవరించేది. పైడమ్మ లేచి ఆమె అరచెయ్యి విప్పదీసి నిమిరేది.

సప్లిమెంటరీ రోజు వచ్చేసరికి ముల్లు అడుగు మెట్టుకి దిగింది. అయితే పట్టీ బిగించే ముందు ఇందుమతి మేడమ్ సన్యాసిరావుని బయట కూర్చోమని, గౌరితో తలుపు దగ్గరగా వేసి మాట్లాడింది. ఇన్నాళ్ళు మోసిన భయం ఇప్పుడు ఆయనదొక్కటే కాదంది. అందులో గౌరి సొంత జంకు కూడా కలిసిపోయింది. నీళ్ళలో ఉప్పు కలిసినట్టే, విడదీయడం మిషన్‌కి తెలియదు. ఇస్తే రెండూ కలిసే వెళ్ళిపోతాయి. గౌరిలో మళ్ళీ పుట్టొచ్చు, ఎన్నటికీ పుట్టకపోవచ్చు. ఇంతవరకూ ఇలాంటిది ఎవరికీ జరగలేదు కాబట్టి తనకి తెలియదని ఒప్పుకుంది. వద్దంటే ఇక్కడితో ఆపేద్దామని, డిగ్రీ సంగతి తను పెద్దలతో పోట్లాడైనా చూస్తానని కూడా అంది.

గౌరికి భయం వేసింది. ఈసారి వేసిన భయం తండ్రిది కాదు, అచ్చంగా తనది. మంచికో చెడ్డకో ఆపే చెయ్యి లేకుండా బతకడమంటే ఏమిటో ఇన్నాళ్ళూ నాన్నలో కళ్ళారా చూసింది. గుమ్మం అవతల ఆయన ఈల వేసుకుంటూ, తడి గొడుగు మొనతో ప్లగ్గు కన్నంలో ఏముందో పొడిచి చూస్తున్నాడు.

"నాన్నకి చెప్పకండి మేడమ్" అని గౌరి కుర్చీలో కూర్చుంది.

ముందు వైవా. జంకంటే ఏమిటని ఎగ్జామినర్ అడిగాడు. అది చిన్న భయం కాదని, మనిషి ఇంటికి తిరిగి రావడానికి చెయ్యి నేర్చుకున్న విద్య అని గౌరి చెప్పింది. ఆయన మార్కుల కాగితం మీద కలం పెట్టాడు. తర్వాత మిషన్ సన్నగా మూలిగింది. గౌరి అరచేతిలో ముడి విప్పుకుంది. హాయిగా, చంకలో సంచి దించేసినట్టు అనిపించింది. ఎదురుగా సన్యాసిరావు మొహంలో నవ్వు ఆరిపోయింది. కుడిచేతిని ఒళ్ళోకి లాక్కుని, ఎవరి చెయ్యో అన్నట్టు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఇది నాదొక్కటే కాదు గౌరమ్మా" అన్నాడు. "నానెప్పుడూ పోలు మీంచి కిందకి చూసీవోణ్ణి. ఇది కిందనుంచి నన్ను చూత్తంది. నువ్వింత బయపడ్డావేటమ్మా?"

గౌరి నవ్వేసింది. రికార్డులో రిటర్న్ పూర్తి అని రాసి ఎగ్జామినర్ సంతకం పెట్టాడు. ఫస్టు క్లాసు. మూడేళ్ళ చదువు, ఆ చదువుకి కావలసినవన్నీ పూర్తయ్యాయి. నుదుటి పేస్టు కడుక్కుని వస్తానని గౌరి కూనిరాగం తీస్తూ వరండాలోకి నడిచింది. వాన మబ్బుకి అక్కడ చీకటిగా ఉంది. మొహం కడుక్కుని, నీళ్ళోడుతున్న చేత్తో, లైటు వేద్దామని పక్కనున్న స్విచ్ బోర్డు మీదికి చెయ్యి చాచింది. మూత పగిలిన బోర్డు. పొడుచుకొచ్చిన రాగితీగ ఆమెకి కనిపిస్తూనే ఉంది.

ఆ చెయ్యి ఎక్కడా ఆగలేదు. వెనక నుంచి సన్యాసిరావు వచ్చి మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. తీగ వైపోసారి, కూతురి మొహం వైపోసారి చూశాడు. ఆ మొహంలో ఏమీ లేదు. తన దగ్గరికి వచ్చిన రెండో జంకు ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకి అప్పుడు అర్థమైంది.

గౌరి ఆయన కంగారు చూసి జాలిగా నవ్వింది.

"ఊరుకో నాన్నా" అంది. "ఏటవుద్ది?"

సన్యాసిరావు ఆ చెయ్యి వదల్లేదు. ఇంటిదాకా పట్టుకునే నడిచాడు.